మూడేళ్ల వాడకం తర్వాత: మా గూట్లోని రంగుల బల్బు

కెమెరాకు ఎన్ని మెగాపిక్సెళ్లు, వాటన్నిటినీ కలిపే హబ్‌కు ఎన్ని సెన్సర్లు తగిలించవచ్చు, బల్బు ఎన్ని లక్షల రంగులు చూపిస్తుంది, ఇవేవీ రాయను. అవన్నీ డబ్బా మీదే ఉంటాయి. మూడేళ్లుగా ఈ స్మార్ట్ హోమ్ సామానుతో కాపురం చేస్తున్నదాన్ని కాబట్టి ఒక్క సంగతి చెప్పాలనుంది. ఇంట్లో వస్తువులకు మనతో ఏదైనా చెప్పాల్సి వస్తే అవి ఎట్లా చెబుతాయనేది. మా ఇంట్లో అవి మొదట అరిచి చెప్పాయి. ఇప్పుడు గమ్మునుండి చెబుతున్నాయి. ఆ తేడా నాకు నా నిద్రను తిరిగి ఇచ్చింది.

మాది కర్నూలు. సి.క్యాంపు రైతుబజారుకు నడిచిపోయేంత దూరంలో పాత మిద్దె. నేను ఒక ప్రైవేటు ఆస్పత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సును, నెలలో సగం నైట్ డ్యూటీలే. మా ఆయన విత్తనాల కంపెనీ పని మీద వారంలో నాలుగు రోజులు ఆదోని, ఎమ్మిగనూరు వైపే తిరుగుతుంటాడు. ఇంట్లో ఎప్పుడూ ఉండేది మా అత్త, ఇంటర్ చదివే మా పాప. వీళ్లిద్దరి ధైర్యం కోసమే 2022 దసరాకు ఇవన్నీ పెట్టించాం. పెట్టింది మా ఆడబిడ్డ కొడుకు, నాకు అల్లుడి వరస. ఇంజనీరింగ్ చదువుతున్నాడు, ఇట్లాంటి పనులంటే ప్రాణం. గేటుకు కెమెరా ఉన్న కాలింగ్ బెల్, సంపులోనూ మిద్దె మీది ట్యాంకులోనూ నీటిమట్టం చూసే సెన్సర్లు, మోటారును దానంతటదే వేసి ఆపే స్విచ్, వంటింట్లో గ్యాస్ డిటెక్టర్, వీధి తలుపుకు ఒక సెన్సర్, రాత్రి అత్త లేచి నడిస్తే చిన్న లైటు వెలిగేటట్టు నడవలో ఒక సెన్సర్. వీటన్నిటినీ నడిపే ఇంటిపెద్దగా అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ ఒకటి.

మొదటి వారం నాకు చాలా సంతోషంగా ఉండింది. ఆస్పత్రిలో నిలబడి ఇంటి గేటు చూసుకోవడం చిన్న విషయం కాదు. ఫోన్ టింగుమన్న ప్రతిసారీ తీసి చూసేదాన్ని. రెండో నెలకల్లా చూడడం మానేశాను. ఒక ఆదివారం పట్టుబట్టి లెక్కపెట్టాను. పొద్దున 6 నుంచి రాత్రి 10 దాకా 63 వచ్చాయి. నేను లేచి ఏదైనా చేయాల్సినవి అందులో రెండు. గేటు ముందు వేపచెట్టు ఉంది. గాలికి నీడ ఊగితే 'కదలిక' అంటుంది కెమెరా. రాత్రిపూట కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు వేసుకుని చూస్తుంది కాబట్టి, అద్దానికి దగ్గరగా ఎగిరే చిన్న పురుగు కూడా తెల్లగా, పెద్దగా పడుతుంది. అదీ కదలికే. గోడ మీద బల్లి సరేసరి. కరెంటు పోయి వచ్చిందంటే ప్రతి వస్తువూ విడివిడిగా 'నేను పోయాను' అని ఒకటి, 'నేను వచ్చాను' అని ఒకటి పంపేది. కర్నూలు ఎండాకాలంలో కరెంటు ఎన్నిసార్లు పోయి వస్తుందో ఇక్కడివాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

ఇదంతా ఒక ఎత్తు, ఉగాదికి ముందు జరిగింది ఒక ఎత్తు. నైట్ డ్యూటీ దిగి, స్నానం చేసి, తొమ్మిదింటికి పడుకున్నాను. గంటన్నర కూడా కాలేదు, గ్యాస్ డిటెక్టర్ కంపెనీ యాప్ నుంచి పెద్ద కూత. ఒళ్లు తెలియకుండా లేచి వంటింట్లోకి పరుగెత్తాను. అత్త గమ్మున తిరగమోత పెట్టుకుంటోంది. స్టవ్ బాగుంది, సిలిండర్ బాగుంది. ఫోన్ తీసి చూస్తే, ఉగాదికి కొత్త మోడల్ మీద తగ్గింపు అట. గుండె దడ తగ్గడానికి చాలాసేపు పట్టింది, కోపం ఇప్పటికీ తగ్గలేదు. తర్వాత మా అల్లుడు చెబితే తెలిసింది. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచే ఒక యాప్ పంపే కబుర్లను వేర్వేరు ఛానెళ్లుగా విడదీసే ఏర్పాటు ఉంది. ప్రమాదానికి ఒకటి, ప్రకటనకు ఒకటి పెడితే, వద్దన్నదాన్ని మనం మూసుకోవచ్చు. ఆ కంపెనీ రెండింటినీ ఒకే ఛానెల్లో కలిపి పెట్టింది. ప్రకటనలు ఆపాలంటే గ్యాస్ హెచ్చరిక కూడా ఆపుకోవాలి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రమే వాడాల్సిన గొంతుతో సరుకు అమ్ముకోవడం తప్పు. చేసినవాళ్లకు తెలిసి చేసిన తప్పు. యాప్ ఆ రోజే తీసేశాను. డిటెక్టర్ ఉంచుకున్నాం, దాని కూత దానిలోనే ఉంది కాబట్టి.

ఐసీయూలో పనిచేసేవాళ్లకు ఈ బాధ కొత్త కాదు. పేషెంటు వేలు కదిలిస్తే ఆక్సిజన్ చూసే క్లిప్ కూస్తుంది, పక్కకు తిరిగితే ఈసీజీ కూస్తుంది, సిరంజి పంపు అయిపోవస్తే అదీ కూస్తుంది. అమెరికాలో ఆస్పత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2013 ఏప్రిల్‌లో దీని మీదే ఒక హెచ్చరిక ఇచ్చింది. అలారం కూతల్లో 85 నుంచి 99 శాతం దాకా వైద్యం చేయాల్సిన పని లేనివేనని అందులో అంచనా. అలారం అలసట అంటాం మేము. చెవి అలసిపోయాక నిజమైన కూత కూడా ఆ గోలలో కలిసిపోతుంది. పన్నెండు గంటలు ఆ కూతల మధ్య ఉండి వచ్చి, ఇంట్లోనూ అదే బతుకు బతికాను ఎనిమిది నెలలు.

అల్లుడితో చెప్పుకున్నాను. "ఫోన్లన్నీ మూసేద్దాం అత్తా, ఇల్లే మాట్లాడుతుంది" అన్నాడు. హాల్లో ఒక స్పీకర్ పెట్టి తెలుగులో పలికేటట్టు చేశాడు. తలుపు వేయకపోతే 'వీధి తలుపు తీసి ఉంది' అనేది. సంపులోకి కొళాయి నీళ్లు పడడం మొదలైతే 'నీళ్లు వచ్చాయి' అనేది. మా వీధికి నీళ్లు రోజు మార్చి రోజు, తెల్లవారుజామున వస్తాయి. వేళ ఖాయం ఉండదు. మోటారు పని మోటారు చూసుకుంటుంది గానీ, తాగే నీళ్లు బిందెలకు పట్టుకోవాలంటే మనిషి లేవాల్సిందే. గంటలో ఆగిపోతాయి. అందుకే ఆ మాట పెట్టించింది నేనే.

2023 జులైలో ఒక తెల్లవారుజామున, 4 దాటి పది నిమిషాలకు, స్పీకర్ ఆ మాట అంది. ముందు రోజు సాయంత్రం పాప పాటలు పెట్టుకుని శబ్దం తగ్గించడం మరిచిపోయింది. నేను డ్యూటీలో ఉన్నాను, కాబట్టి పాప చెప్పిందే రాస్తున్నాను. పాప ఉలిక్కిపడి లేచేసరికి అవ్వ మంచం ఖాళీగా ఉంది. వీధి తలుపు బార్లా తీసి ఉంది. అత్త చీకట్లో మిద్దె మెట్ల మీద సగం దాకా ఎక్కేసి ఉంది. చంకలో ఇంటి కాగితాల సంచి, భుజాన రెండు దుప్పట్లు, చేతిలో నీళ్ల చెంబు. "పాపా, లెయ్యి, మిద్దెక్కు, హంద్రి వచ్చినాది" అని పిలుస్తోంది. కాలు వణికి మెట్టు మీద కూర్చుండిపోయింది, కిందికి దిగలేక, పైకి ఎక్కలేక.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రి నదులు పొంగి ఊరి మీదికి వచ్చినప్పుడు మా అత్తవాళ్లు హంద్రి పక్క వీధిలో ఉండేవాళ్లు. వాళ్లకు అందిన హెచ్చరిక ఒక్కటే. పక్కింటాయన తలుపు బాది "నీళ్లొచ్చినాయి" అన్నాడు. రెండు రాత్రులు మిద్దె మీదే ఉన్నారు. కింద ఇంట్లో మామ సైకిలు, బియ్యం మూటలు, పెండ్లి ఫోటోలు అన్నీ బురదలో కలిసిపోయాయి. ఈ కథ నాకు పెండ్లయినప్పటి నుంచీ తెలుసు. తెలిసి కూడా ఆ రెండు మాటలనే తీసుకుపోయి యంత్రం నోట్లో పెట్టించాను. పొద్దున ఇంటికొచ్చి బీపీ చూస్తే 190 మీద 100. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. స్పీకర్ ప్లగ్గు నేనే పీకేశాను.

రెండు రోజుల తర్వాత ఆమే అంది. "కూతలేంటికి పాపా? గూట్లో దీపం పెట్టు. కండ్లుండేటోళ్లకు కనపడ్తాది."

మా హాల్లో, వంటింటి దారిలో, పాతకాలపు గూడు ఉంది. గూట్లో దీపం, నోట్లో ముద్ద అనే సామెత ఇప్పటికీ పాటించే మనిషి మా అత్త. ఆ గూట్లోనే ఒక రంగుల బల్బు, ముందు మసక అద్దం పెట్టాం. రంగుల సంగతి నేను చూసుకున్నాను. ఆస్పత్రి అలారాలకు ఐఈసీ 60601-1-8 అని ఒక ప్రమాణం ఉంది. దాని ప్రకారం వెంటనే లేచి పోవాల్సినదానికి ఎరుపు, వేగంగా మిణుకుతుంది. త్వరగా చూడాల్సినదానికి పసుపు, నెమ్మదిగా మిణుకుతుంది. అన్నిటికంటే చిన్నది మిణకదు, నిలకడగా వెలుగుతుంది. నేను దాన్ని ఇంటికి తగ్గట్టు చేసుకున్నాను. ఏమీ లేకపోతే గూడు చీకటి. నీళ్లు వస్తుంటే నిలకడగా నీలం. తలుపు వేయకపోయినా, ట్యాంకు పావుకు దిగినా, సెన్సర్ బ్యాటరీ అయిపోవస్తున్నా పసుపు. ఎరుపు ఒక్క గ్యాస్‌కే, దానికి మాత్రమే కూత కూడా. కరెంటు రాకపోకలు, కెమెరాలో కదలికలు, నెట్ పోయిందన్న కబుర్లు అన్నీ తీసేశాం. ఎవరైనా బెల్లు కొడితే బెల్లు మోగుతుంది, అంతే.

నేను అనుకోనిది ఒకటి జరిగింది, ఈ సమీక్ష రాయాలనిపించింది అందుకే. ఫోన్‌కు వచ్చే కబురు ఫోన్ ఎవరిదైతే వాళ్ల ఒక్కరి నెత్తినే పడుతుంది. అప్పటిదాకా ఐసీయూలో ఉండి నేను ఇంటికి ఫోన్ చేసి, నీళ్లొస్తున్నాయి లెయ్యి, తలుపెయ్యి అని చెప్పేదాన్ని. దీపం వచ్చాక కబురు ఇంటికి వస్తోంది. పాప మంచినీళ్లు తాగడానికి లేచి నీలం చూస్తే బిందెలు పెడుతుంది. అత్త వాకిలి ఊడ్చడానికి పోతూ పసుపు చూస్తే తలుపు దగ్గరికి పోతుంది. మా ఆయన ఇంట్లో ఉన్న రోజు ఆయనే లేస్తాడు. ఎవరూ ఎవరికీ చెప్పడం లేదు. మా ఇంట్లో అందరి పనులూ గుర్తుపెట్టుకునే బాధ్యత ఏళ్లుగా నాదే. అందులో కొంత ఆ గూడు తీసుకుంది. నీలం వెలిగితే సరే, తెల్లారుజామున నిద్రపోయేవాళ్లకు ఎట్లా తెలుస్తుంది అని అడగవచ్చు. అత్త నాలుగింటికే లేచే మనిషి. మా ఇంట్లో అది కలిసొచ్చింది.

దీన్ని అల్లుడికి చెబితే, ఇట్లాంటి ఆలోచన పాతదే అన్నాడు. 1990ల్లో అమెరికాలోని జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో నటాలీ జెరెమిజెంకో అనే కళాకారిణి 8 అడుగుల ప్లాస్టిక్ తాడును పైకప్పుకు బిగించిన చిన్న మోటారుకు వేలాడదీసి, దాన్ని కంప్యూటర్ల నెట్‌వర్క్ తీగకు కలిపిందట. రాకపోకలు ఎక్కువైతే తాడు గిరగిరా తిరుగుతుంది, తక్కువైతే అప్పుడప్పుడు వణుకుతుంది. పనిచేసుకునేవాళ్లకు అది ఓరకంటికి తెలిసిపోతుంది. అక్కడివాళ్లే మార్క్ వైజర్, జాన్ సీలీ బ్రౌన్ 1995లో ఇట్లాంటివాటికి ప్రశాంత సాంకేతికత అని పేరు పెట్టారట. నాకు తాడు కంటే మా ఐసీయూ దగ్గర. ఆక్సిజన్ చూసే మానిటర్ ప్రతి నాడికీ ఒక చిన్న శబ్దం చేస్తుంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గితే ఆ శబ్దం స్థాయి దిగుతుంది. వేరే పేషెంటుకు మందు ఎక్కిస్తూ, వీపు తిప్పి నిలబడి ఉన్నా, ఆ స్వరం దిగితే నా తల దానంతటదే తిరుగుతుంది. బాగున్నంతసేపు అది ఉన్నట్టే తెలియదు. ఇంట్లో గూడు కూడా అట్లాగే ఉండాలనుకున్నాను.

కూతలన్నీ చెడ్డవని నేను అనడం లేదు. 2023 సెప్టెంబరులో విపత్తు హెచ్చరికల పరీక్ష అని ప్రభుత్వం ఫోన్లకు ఒకేసారి పెద్ద కూత పంపింది కదా, అప్పుడు అత్త మళ్లీ భయపడింది. కూర్చోబెట్టి అదేంటో చెప్పాను. "ఇది అప్పుడుండుంటే..." అని ఆగిపోయింది. ఊరు మునిగేటప్పుడు కూయాల్సిందే, ఎంత గట్టిగా వీలైతే అంత గట్టిగా. ఆ కూతకు విలువ ఉండాలంటే మిగతావన్నీ గమ్మునుండాలి.

ఇక లోపాలు. మొదటి నెలలోనే ఒకటి బయటపడింది. ఇన్వర్టర్ బ్యాటరీ కూడా దిగిపోయిన ఒక రాత్రి, కరెంటు తిరిగి వచ్చిన క్షణంలో బల్బు దేదీప్యమానంగా తెల్లగా వెలిగింది. కరెంటు రాగానే పూర్తి వెలుగుతో వెలగడం ఈ బల్బులకు కంపెనీలో పెట్టి పంపే అలవాటు. సెట్టింగుల్లో మార్చుకోవాలి, మార్చుకున్నాం.

రెండోది నీలం. నేను ఎంతో ముచ్చటపడి ఎంచుకున్న రంగు మా అత్తకు సరిగ్గా కనపడేది కాదు. శుక్లాలు ముదిరే కొద్దీ కంటి కటకం పసుపు పడుతుంది, నీలాన్ని అది ఆపేస్తుంది. నర్సునై ఉండి ఈ సంగతి నాకు ముందే తట్టి ఉండాల్సింది. "బూడిద రంగు దీపం" అనేది ఆమె. పగటి వెలుతురులో అదీ తెలిసేది కాదు. రంగుతో పాటు వెలుగు మెల్లగా పెరిగి మెల్లగా తగ్గేటట్టు, ఊపిరి తీసినట్టు చేశాక గుర్తుపట్టింది. రంగు ఒక్కదాని మీదే ఆధారపడే ఏర్పాటు పెద్దవాళ్లున్న ఇంట్లో పెట్టకండి.

మూడోది మాత్రం కొంచెం పొడుగ్గా చెప్పాలి. ఏమీ లేకపోతే గూడు చీకటి అని పైన రాశాను కదా, మొదటి తొమ్మిది నెలలు నేను అందరికీ గొప్పగా చెప్పుకున్నది ఆ మాటే. దెబ్బ కొట్టింది కూడా అదే.

2024 మే. ఎండలు మీకు తెలుసు. నాకు వరసగా నైట్ డ్యూటీలు, మా ఆయన ఊళ్లో లేడు, పాప సెలవులకు మా అమ్మ వాళ్లింటికి పోయింది. ఒక రోజు నీళ్లు రావాల్సిన తెల్లవారుజామున గూడు చీకటి. ఎండాకాలం, ఎక్కడో పైపు మరమ్మతేమో అనుకుంది అత్త. నేనూ అదే అనుకున్నాను. ఆ మర్నాడు చీకటి. ఆ తర్వాతి రోజు కూడా చీకటి. మిద్దె మీది ట్యాంకు అడుగంటింది. పసుపు వెలగాలి కదా అన్న ఆలోచన కూడా నాకు రాలేదు, ఎందుకంటే పగలంతా నేను పడుకునే ఉన్నాను. మా సంపు మూత బేతంచెర్ల బండ, ఇద్దరు పడితే తప్ప లేవదు. సెన్సర్ పెట్టినప్పటి నుంచీ దాన్ని ఎత్తి చూసే అలవాటే పోయింది. ఒకప్పుడు కొళాయిలో గాలి బుసకొట్టే శబ్దానికే లేచే మా అత్తకు ఇప్పుడు చెవులు మందగించాయి, పైగా దీపం చూసుకుంటే చాలని మేమే నమ్మకంగా చెప్పాం.

మూడో రోజు పొద్దున నేను ఇంటికొచ్చేసరికి అత్త గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కండ్లు తిరుగుతున్నాయంది. నాలుక ఎండిపోయి ఉంది. నీళ్లు తక్కువున్నాయని, నా స్నానానికి కావాలని, ఎవరికీ చెప్పకుండా తాగడం తగ్గించుకుంది. బిందెలో మిగిలిన సగం నీళ్లు నా కోసం మూత పెట్టి ఉంచింది. ఇంట్లోనే సెలైన్ పెట్టాను. ట్యాంకర్‌కు ఫోన్ చేశాను. మధ్యాహ్నానికి ట్యాంకర్ వచ్చింది. ట్యాంకరాయన, ఆయన కుర్రాడు బండ జరిపి లోపలికి చూశారు. "ఏం మేడం, సంపు నిండుగా ఉండాదే. ట్యాంకర్ ఏంటికి?" అన్నాడు.

నీళ్లు వచ్చాయి. వచ్చి, సంపు నిండి, పొర్లి, పక్క కాలువలో పోయాయి. చచ్చిపోయింది మా ఇంటి పెద్ద, ఆ చిన్న కంప్యూటర్. అది నడిచేది ఒక మెమొరీ కార్డు మీద. రాస్తుండగా కరెంటు పోతే అట్లాంటి కార్డులు పాడవడం తెలిసిన జబ్బే. కంప్యూటర్ ఆగిపోతే మోటారు పడదు, దీపం వెలగదు. నీళ్లు రాకపోయినా చీకటే, చెప్పేవాళ్లు చచ్చిపోయినా చీకటే. మాకు తేడా తెలియలేదు. ఫోన్ కబుర్లన్నీ మేమే మూసేశాం కాబట్టి అటు నుంచి కూడా తెలిసే దారి లేదు.

ఐసీయూలో ఈ తప్పు జరగనివ్వరు. తెర మీద గీత చదునైతే గుండె ఆగిందా, ఒంటి మీది తీగ ఊడిందా అనేది మానిటర్ వేర్వేరుగా చెబుతుంది. పేషెంటు అలారం వేరు, యంత్రం అలారం వేరు. రోజూ చూసేదాన్ని నేను ఇంట్లో వదిలేశాను. సమీక్షల్లో శబ్దం లేకపోవడాన్ని మెచ్చుకుంటూ రాసేవాళ్లు, ఒకప్పటి నాతో సహా, ఈ ప్రశ్న అడగడం లేదు: గమ్మునున్నది బాగుండి గమ్మునుందా, లేక ప్రాణం పోయి గమ్మునుందా?

మరమ్మతు ఆ వారమే చేశాం. కార్డు తీసేసి మంచి డిస్కు పెట్టాం. ముఖ్యమైన మార్పు దీపానిది. ఇప్పుడు అంతా బాగుంటే గూడు చీకటిగా ఉండదు. నూనె దీపమంత చిన్న వెలుగు, పసుపు కలిసిన తెలుపు, రాత్రింబగళ్లు ఉంటుంది. అది ఆరిపోతే లేచి చూడాలి. ఇందులో ఒక చిక్కు ఉంది, మీరు చేసుకుంటే తప్పకుండా పట్టించుకోండి. జిగ్‌బీ అంటే ఇట్లాంటి వస్తువులు తీగ లేకుండా మాట్లాడుకునే పద్ధతి. ఆ రకం బల్బుకు ఒకసారి వెలగమని చెబితే, చెప్పిన కంప్యూటర్ చచ్చినా అది అట్లాగే వెలుగుతూ ఉంటుంది. అందుకని వెలుగు అని ఊరికే చెప్పకూడదు, పది నిమిషాలు వెలిగి ఆరిపో అని చెప్పాలి. ఆ ఆజ్ఞ జిగ్‌బీలో ఉంది. మా బల్బు దాన్ని వింటుంది, కొన్ని బల్బులు వినవు, కొనేముందు చూసుకోండి. కంప్యూటర్ ప్రతి ఐదు నిమిషాలకూ ఆ మాట మళ్లీ చెబుతుంది. అది చెప్పడం ఆగితే పది నిమిషాల్లో దీపం దానంతటదే ఆరుతుంది. అత్తకు ఇది విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. "నూనె పోసేటోడు లేకుంటే ఆరిపోతాది, అంతే గదా" అంది. ప్రతి నెలా ఒకటో తేదీన కంప్యూటర్ ప్లగ్గు పీకి, దీపం ఆరిందాక గడియారం పట్టుకుని కూర్చుంటుంది మా పాప. అదే రోజు గ్యాస్ డిటెక్టర్ పరీక్ష బటన్ కూడా నొక్కుతాం. ఆ డిటెక్టర్‌ను దేనిమీదా ఆధారపడకుండా విడిగా ఉంచాం. వంటగ్యాస్ గాలి కంటే బరువు కాబట్టి నేలకు జానెడు పైనే పెట్టించాం, ఛాతీ ఎత్తున బిగించిన ఇళ్లు నేను చాలా చూశాను.

నడవలోని కదలిక సెన్సర్ గురించి ఒక్క ముక్క. అది ఒంటి వేడికి, వెనకున్న గోడ వేడికి ఉన్న తేడాను పట్టుకుంటుంది. మే నెలలో మా గోడలే ఒంటి వేడికి వచ్చేస్తాయి, కొన్ని రాత్రులు అత్తను అది గుర్తించదు. ఎండాకాలం నాలుగు నెలలూ అక్కడ మామూలు జీరో బల్బు వేసి ఉంచుతున్నాం.

ఇంకో పరిమితి ఉంది. గూట్లో దీపం ఇంట్లో ఉన్నవాళ్లకే. ఎమ్మిగనూరులో ఉన్న మా ఆయనకు అది ఏం చెబుతుంది? ఆయనకు రోజూ రాత్రి 7 గంటలకు ఒకే ఒక్క సందేశం వెళ్లేటట్టు చేశాం. ట్యాంకు ఎంతుంది, తలుపు వేసి ఉందా, కంప్యూటర్ బతికుందా. ఆ సందేశం రాకపోతే ఆయన ఇంటికి ఫోన్ చేస్తాడు. మే తర్వాత నేర్చుకున్నదే అది కూడా.

కాబట్టి కొనమంటానా అంటే, మీ ఇల్లు చూడకుండా చెప్పలేను. మాకు పగలంతా ఇంట్లో ఒక మనిషి ఉంటుంది. అందరూ ఆ గూడు ముందు నుంచే వంటింట్లోకి పోవాలి. పిలిస్తే వచ్చి వైర్లు సరిచేసే అల్లుడు ఉన్నాడు. వాడు రేపు ఉద్యోగానికి బెంగళూరు పోతే ఈ కంప్యూటర్‌ను ఎవరు చూస్తారో నాకు తెలియదు, ఆ బెంగ నాకుంది. పొద్దున తాళం వేసి సాయంత్రం వచ్చే ఇంటికి గూట్లో దీపం ఎవరికోసం? వాళ్లకు ఏరి పెట్టుకున్న నాలుగు ఫోన్ కబుర్లే మేలు కావచ్చు. మామూలు కొళాయి నీళ్లు రోజంతా వచ్చే ఊళ్లో నా నీలం రంగుకు పనే లేదు. కానీ నైట్ డ్యూటీలు చేసేవాళ్లు, పెద్దవాళ్లున్న ఇళ్లవాళ్లు అడిగితే మాత్రం, ఉన్న వస్తువులతోనే ముందు యాప్ కబుర్లలో పదింట తొమ్మిది తీసేయమని చెబుతాను. దానికి పైసా ఖర్చు లేదు. బల్బు సంగతి ఆ తర్వాత.

2025 జనవరిలో అత్తకు కుడి కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. కట్టు విప్పిన మూడో రోజు తెల్లవారుజామున నీళ్లొచ్చాయి. నేను ఇంట్లోనే ఉన్నాను. గూటి ముందు నిలబడి, ఒక చేత్తో ఎడమ కన్ను మూసి, మళ్లీ కుడి కన్ను మూసి చూస్తోంది. "ఇంత నీలమా పాపా ఇది? మైలుతుత్తం మాదిరుండాదే" అంది. బిందెలు నేనే పట్టాను. ఆమె నీళ్లు ఆగిందాక అక్కడే పీట వేసుకుని కూర్చుంది.

ఇన్వర్టర్ బ్యాటరీ కోసం ఇంకో రంగు కలుపుతానని అల్లుడు రెండు నెలలుగా అడుగుతున్నాడు. ఊదా రంగు పెడతాడట. ఇప్పటికి వద్దన్నాను. ఎడమ కంటి ఆపరేషన్ సంక్రాంతి తర్వాత ఉంది. అది అయ్యాక అత్తనే గూటి ముందు కూర్చోబెట్టి, నీలానికీ ఊదాకూ తేడా తెలుస్తుందో లేదో అడిగి అప్పుడు చెబుతానన్నాను.